వాడిన అణు ఇంధనం తరలింపు: రోడ్డా, రైలా, నీటి దారా, ఉన్నచోటేనా?

అమెరికా అణు విద్యుత్ కేంద్రాల్లో వాడి బయటికి తీసిన ఇంధనం దాదాపు 90 వేల టన్నులకు చేరింది. అది 70కి పైగా చోట్ల నిల్వ ఉంది. ఏటా సుమారు రెండు వేల టన్నులు కొత్తగా వచ్చి చేరుతోంది. 1998 జనవరి 31 నుంచి దాన్ని తీసుకెళ్తామని ఫెడరల్ ప్రభుత్వం విద్యుత్ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. తీసుకెళ్లలేదు. నెవాడాలోని యక్కా పర్వతం అడుగున శాశ్వతంగా భద్రపరచాలన్న పథకం 2010లో ఆగిపోయింది. టెక్సస్‌లో 2021లో, న్యూమెక్సికోలో 2023లో తాత్కాలిక నిల్వ కేంద్రాలకు లైసెన్సులు ఇచ్చారు గానీ రెండు రాష్ట్రాలూ వాటికి అడ్డుగా చట్టాలు చేశాయి.

ఆ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇలాంటి కేంద్రాలకు గంటా రెండు గంటల ప్రయాణ దూరంలోనే ఉంటున్నారు. తరలింపు మాట వచ్చినప్పుడల్లా బహిరంగ విచారణలు జరుగుతాయి, అభిప్రాయాలు అడుగుతారు. మన రైలు పట్టాల మీదుగా వెళ్లనివ్వాలా, రహదారి మీదుగానా, అసలు కదపవద్దని చెప్పాలా? ఈ పోలిక అలాంటి నిర్ణయం ముందున్నవాళ్ల కోసం. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఎక్కువ ఇంధనాన్ని ఎక్కువ దూరం తీసుకెళ్లాలంటే ప్రత్యేక రైలును మించినది లేదు. అయితే గమ్యం శాశ్వతమా, తాత్కాలికమా అన్నది తేలకుండా వాహనం గురించి వాదించుకోవడం వృథా. ఎన్నిసార్లు ఎత్తి దించుతారన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క.

పేటికలో ఏముంటుంది

వాడిన ఇంధనం ద్రవం కాదు, ఒలికిపోదు. యురేనియం ఆక్సైడు బిళ్లలు పింగాణీలా గట్టిగా ఉంటాయి. వాటిని లోహపు గొట్టాల్లో పేర్చి, ఆ గొట్టాలను కట్టలుగా బిగిస్తారు. అణుబాంబులా పేలే స్వభావం దానికి లేదు. కవచం లేకుండా దగ్గరికి వెళితే మాత్రం దాని రేడియేషన్ ప్రాణాంతకం, అందుకే ఇన్ని జాగ్రత్తలు. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం నుంచి రియాక్టర్లకు లారీల్లో వెళ్లే సరుకుతో దీన్ని కలపకండి. అది కొత్త ఇంధనం, దాని నుంచి వచ్చే రేడియేషన్ చాలా తక్కువ. రియాక్టర్‌లో కొంతకాలం గడిపి వచ్చిన తర్వాతే ఇంధనం ప్రమాదకరంగా మారుతుంది.

ఈ ఇంధనాన్ని మోసే మందపాటి లోహపు పెట్టే రవాణా పేటిక. రోడ్డయినా రైలయినా ఓడయినా దానికి పెట్టే పరీక్షలు ఒకటే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో తొలిసారి ప్రకటించి, తర్వాత సవరిస్తూ వచ్చిన నియమావళి వాటికి ఆధారం. అమెరికా అణు నియంత్రణ కమిషన్ నిబంధనలు, మన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు కూడా ఆ బాటలోనే నడుస్తాయి. పేటిక 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం లొంగని తలం మీద పడాలి. ఒక మీటరు ఎత్తు నుంచి, నిలబెట్టిన 15 సెంటీమీటర్ల వ్యాసపు ఉక్కు కడ్డీ మీద పడాలి. 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉండాలి. నీటిలో మునగాలి. వాడిన ఇంధనం పెద్ద మోతాదులో ఉంటే 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడినీ గంటసేపు తట్టుకోవాలి.

విచారణల్లో ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఈ 9 మీటర్ల గురించే. అంత ఎత్తు నుంచి పడే వస్తువు నేలను తాకేటప్పటికి వేగం గంటకు 48 కిలోమీటర్లే కదా, హైవే మీద లారీ అంతకు రెండింతల వేగంతో పోతుంది కదా అంటారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు ఆ లొంగని తలంలో ఉంది. కొబ్బరికాయను బండ మీద కొట్టడానికీ ఇసుకలో పడేయడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా. పరీక్ష తలం అంటే భారీ కాంక్రీటు దిమ్మె మీద పరిచిన మందపాటి ఉక్కు పలక. గుద్దుడు శక్తి అంతా పేటికే మింగాలి. నిజమైన ప్రమాదంలో ఎదుటి వాహనం నుజ్జవుతుంది, మట్టి దిగబడుతుంది, వంతెన గోడ పగులుతుంది, శక్తిలో పెద్ద వాటా అక్కడే ఖర్చవుతుంది. పైగా పేటిక రెండు కొనలకూ తొడిగే గుద్దుడు రక్షకాలు ఉంటాయి. చాలా డిజైన్లలో వీటి లోపల బాల్సా, రెడ్‌వుడ్ వంటి కలప ఉంటుంది, పైన ఉక్కు తొడుగు. దెబ్బ తగిలితే ఆ కలప నలిగి నెమ్మదిగా శక్తిని లాగేస్తుంది. వంద టన్నుల ఉక్కు పేటికకు కలప కాపలా అంటే వింతగా అనిపిస్తుంది గానీ నలగడంలో దాని నిలకడ ఇంజనీర్లకు బాగా తెలుసు.

దీన్ని కాగితం మీదే వదిలేయలేదు. 1984 జూలై 17న బ్రిటన్‌లోని ఓల్డ్ డాల్బీ పరీక్షా మార్గం మీద ఒక ఇంధన పేటికను పట్టాలకు అడ్డంగా పడుకోబెట్టి, మూడు పెట్టెలు తగిలించిన రైలింజన్‌ను గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దాని మీదికి వదిలారు. ఇంజన్ తుక్కయింది. పేటిక లోపలి పీడనం నామమాత్రంగా తగ్గింది. అంతకుముందే 1970ల చివర్లో అమెరికాలోని శాండియా ప్రయోగశాల లారీ పేటికలను కాంక్రీటు గోడకు గుద్దించి చూసింది. నిజమైన ప్రమాదమూ ఒకటి ఉంది: 1971 డిసెంబరులో టెనెసీ రాష్ట్రంలో వాడిన ఇంధనం తీసుకెళ్తున్న ట్రక్కు రోడ్డు తప్పి బోల్తాపడింది. డ్రైవరు చనిపోయాడు. పేటిక విసిరేసినట్టు దూరంగా పడింది, లోపలిది మాత్రం బయటికి రాలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మంట. 2001 జూలై 18న బాల్టిమోర్ నగరం కింద హోవర్డ్ స్ట్రీట్ సొరంగంలో సరుకు రైలు పట్టాలు తప్పి గంటల తరబడి మండింది. ఆ రైల్లో అణు ఇంధనం లేదు. ఉండి ఉంటే ఏమయ్యేదని నియంత్రణ కమిషన్ లెక్కలు వేయించింది, పేటికలు తట్టుకునేవని తేల్చింది. అయినా అమెరికా జాతీయ అకాడమీల నిపుణుల బృందం 2006 నివేదికలో దీర్ఘకాలం సాగే మంటల గురించే హెచ్చరించింది. దాని ఫలితం చాలా సాదా నియమం: పక్కపక్కనే రెండు రైలు మార్గాలున్న సొరంగంలో అణు ఇంధనపు రైలు, మండే ద్రవాలో వాయువులో నింపిన ట్యాంకర్ల రైలు ఎదురుపడవలసి వస్తే, ఒకటి బయట ఆగి రెండోది పూర్తిగా దాటాకే లోపలికి వెళ్లాలి. ఖర్చు లేని జాగ్రత్త. ఇలాంటివే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయని నా నమ్మకం.

రోడ్డు

ట్రక్కుకు ఉన్న పెద్ద సౌలభ్యం ఎక్కడికైనా వెళ్లగలగడం. అమెరికాలో ఇలాంటి సరుకు అంతర్రాష్ట్ర రహదారుల మీదుగా, నగరం చుట్టూ తిరిగే దారి ఉంటే దాని మీదుగా వెళ్లాలి. రాష్ట్రం వేరే దారి నిర్ణయిస్తే అది పాటించాలి. బయలుదేరే ముందు ప్రత్యేక తనిఖీ ఉంటుంది, సాయుధ రక్షణ ఉంటుంది, గవర్నరు కార్యాలయానికి ముందే తెలియజేస్తారు.

ఇబ్బంది సామర్థ్యంలో ఉంది. మామూలు బరువు పరిమితిలో నడిచే ట్రక్కు పేటిక సుమారు 25 టన్నులు తూగుతుంది, అందులో పట్టేది ఒకటి నుంచి నాలుగు పెద్ద ఇంధన కట్టలు. రైలు పేటికలో 24 నుంచి 37 పడతాయి. యక్కా పర్వతం కోసం 2002లో వేసిన అంచనా చూడండి. ప్రధానంగా ట్రక్కుల మీద తరలిస్తే 24 ఏళ్లలో సుమారు 53 వేల ప్రయాణాలు. ప్రధానంగా రైలు మీదయితే సుమారు 9,600 రైలు పేటికలు, వాటికి తోడు 1,100 ట్రక్కులు. ప్రతి ప్రయాణం మామూలు రోడ్డు ప్రమాదానికి ఒక అవకాశం. ఈ రవాణాలో రేడియేషన్ కంటే వాహనాల ఢీకొనడం వల్లే ప్రాణాలు పోయే అవకాశం ఎక్కువ. 1971 ఘటనలోనూ జరిగింది అదే.

ట్రక్కు పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే? వాహనం నుంచి రెండు మీటర్ల దూరంలో రేడియేషన్ మోతాదు గంటకు 0.1 మిల్లీసీవర్ట్‌కు (మోతాదును కొలిచే ప్రమాణం) మించకూడదన్నది నియమం. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4 మిల్లీసీవర్టులు. అంటే గరిష్ఠ పరిమితి దగ్గరున్న ట్రక్కు పక్కన ఒక రోజంతా కదలకుండా నిలబడితే ఒక ఏడాది సహజ మోతాదుతో సమానం. పది నిమిషాల ట్రాఫిక్‌లో భయపడవలసింది ఏమీ లేదు. రోజూ నడిపే డ్రైవర్ల, తనిఖీ సిబ్బంది మోతాదును మాత్రం లెక్కపెడుతూ ఉండాల్సిందే.

కొద్దిపాటి ఇంధనానికి, పరిశోధన రియాక్టర్ల సరుకుకు ట్రక్కు బాగానే సరిపోతుంది. వేల టన్నులకు వద్దు.

రైలు

అమెరికా నౌకాదళం తన జలాంతర్గాముల్లో వాడిన ఇంధనాన్ని 1957 నుంచి రైలు మీదే ఐడహోకు పంపుతోంది. బ్రిటన్ దశాబ్దాలుగా తన రియాక్టర్ల నుంచి సెల్లాఫీల్డ్ అణు కేంద్రానికి రైల్లోనే చేరుస్తోంది. ఫ్రాన్స్‌లో లా హేగ్ పునఃశుద్ధి కర్మాగారానికి (వాడిన ఇంధనం నుంచి పనికొచ్చేవాటిని వేరుచేసే చోటు) వచ్చే పేటికలు వలోన్య దగ్గర రైలు దిగుతాయి, అక్కడినుంచి చివరి భాగం మాత్రం రోడ్డు. అనుభవం తూకం స్పష్టంగా ఇటే మొగ్గుతుంది. పెద్ద పేటిక, మందమైన కవచం, తక్కువ ప్రయాణాలు, సామాన్య వాహనాలతో కలవని దారి. 2006 నివేదిక కూడా ప్రధానంగా రైలునే, అందులోనూ వేరే సరుకు కలపని ప్రత్యేక రైలునే సిఫారసు చేసింది.

ఆ ‘ప్రత్యేక’ అన్న షరతు దగ్గర రాజీ పడవద్దు. మామూలు సరుకు రైలుకు తగిలిస్తే పేటిక యార్డుల్లో గంటల తరబడి నిలిచిపోతుంది, పక్క పెట్టెలో ఏముందో మన చేతిలో ఉండదు. ప్రత్యేక రైల్లో ముందూ వెనకా ఖాళీ పెట్టెలు, కాపలా సిబ్బందికి ఒక పెట్టె ఉంటాయి. అమెరికా ఇంధన శాఖ ఇందుకోసమే పన్నెండు ఇరుసుల అట్లాస్ వ్యాగన్‌ను తయారు చేయించింది. 2024లో దానికి రైలు సంస్థల సంఘం ఆమోదం లభించింది. దారి ఎంపికలో రైలు కంపెనీ 27 అంశాలు బేరీజు వేయాలని నిబంధన ఉంది. జనసాంద్రత, పట్టాల స్థితి, దారిలోని ముఖ్య కట్టడాలు అందులో ఉన్నాయి. ఆ విశ్లేషణ వివరాలు భద్రత పేరుతో ప్రజలకు చూపరు. ఇక్కడ నాకు అసంతృప్తి ఉంది. ఏ రోజు ఏ గంటకు వెళ్తుందో దాచడం న్యాయమే. ఏ వంతెన బలహీనంగా ఉందో మరమ్మతు చేశారో లేదో దాచడంలో న్యాయం లేదు.

రైలుకు అసలు బలహీనత పట్టాలు లేని చోటు. కాలిఫోర్నియాలోని హంబోల్ట్ బే, మసాచుసెట్స్‌లోని యాంకీ రో వంటి మూతపడ్డ కేంద్రాలకు నేరుగా రైలు లేదు. అక్కడ వందల టన్నులు మోసే బహుచక్రాల ట్రైలరు మీద నడక వేగంతో దగ్గరి స్టేషన్‌దాకా తేవాలి. అంటే ఒకసారి ఎత్తి దించడం అదనం.

నీటి దారి

తీరంలో రియాక్టర్లున్న దేశానికి ఇది చక్కటి ఎంపిక. స్వీడన్ 1985 నుంచి సిగిన్ అనే ఓడతో, దాని తర్వాత సిగ్రిడ్ అనే ఓడతో, రియాక్టర్ల నుంచి ఆస్కర్షామ్న్ దగ్గర ఇంధనాన్ని నీటిలో ఉంచే భూగర్భ కొలనుకు ఇంధనం చేరవేస్తోంది. రెండు పొరల అడుగున్న ఓడ అది, ఈ పనికోసమే కట్టారు. ఫోర్స్‌మార్క్‌లో శాశ్వత నిల్వ నిర్మాణం 2025 జనవరిలో మొదలైంది. రేపు రాగి డబ్బాల్లో మూసిన ఇంధనం అక్కడికి చేరేదీ సముద్రం మీదుగానే. రేవు కేంద్రం పక్కనే, గమ్యమూ రేవు పక్కనే కాబట్టి ఊళ్ల మధ్యనుంచి వెళ్లే అవసరమే రాదు.

నదినీ వాడారు. జర్మనీలో 2017లో ఒబ్రిగ్‌హైమ్ నుంచి నెకర్‌వెస్ట్‌హైమ్‌కు నెకర్ నది మీద, దాదాపు 50 కిలోమీటర్లు, ఒక్కో విడతకు మూడు చొప్పున ఐదు విడతల్లో 15 పేటికలను పడవ మీద తరలించారు. దీనివల్ల మూతపడ్డ ఒబ్రిగ్‌హైమ్‌లో ప్రత్యేకంగా నిల్వ భవనం కట్టే అవసరం తప్పింది. పడవ వేగం తక్కువ, ఢీకొన్నా దెబ్బ తక్కువ. లాకుల దగ్గర, వంతెనల కింద భద్రతకు మాత్రం పెద్ద ఎత్తున పోలీసులు కావాల్సి వచ్చింది.

నీటి దారిలో నష్టం ఏమిటంటే, మునిగితే పేటికను పైకి తీయడం సులువు కాదు. లోతు తక్కువ జలాల్లోనే ఉండే దారిని, పేటికను వెతికి పట్టే పరికరాలున్న ఓడను కోరండి. గమ్యం ఎడారి మధ్యలో ఉన్నప్పుడు రేవు దగ్గర మళ్లీ రైలుకు మార్చాలి, ఆ మార్పిడి కూడా లెక్కలో వేయాలి.

కదపకుండా ఉంచడం

దీన్ని ఎంపికగా గుర్తించనివారు ఎక్కువ. వాస్తవంలో ఇప్పుడు అమలవుతున్నది ఇదే. లాస్ ఏంజెలిస్‌కూ శాన్ డియాగోకూ మధ్య, పసిఫిక్ ఒడ్డున శాన్ ఒనోఫ్రే కేంద్రం ఉంది. దాని చివరి రెండు రియాక్టర్లను 2013లో శాశ్వతంగా మూసేశారు. ఇంధనమంతా 123 స్టెయిన్‌లెస్ స్టీలు కానిస్టర్లలో (ఇంధన కట్టలను పెట్టి మూసేసే పెద్ద డబ్బాలు), సముద్రపు గోడకు కూతవేటు దూరంలో ఉంది. భూకంపాల ప్రాంతం, ఉప్పు గాలి, చుట్టూ లక్షల జనం. ఉప్పు తేమ స్టెయిన్‌లెస్ స్టీలుకు పగుళ్లు తెప్పించగలదని తెలిసిందే. రోజువారీ ప్రమాదం చాలా తక్కువ, కానీ ఇది తరతరాలు ఉంచదగ్గ చోటు కాదు.

అదే శాన్ ఒనోఫ్రేలో 2018 ఆగస్టు 3న జరిగింది ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది. దాదాపు 50 టన్నుల కానిస్టర్‌ను నిలువు గూట్లోకి దించుతున్నారు. అది లోపలి వలయపు అంచుకు తగులుకుని ఆగిపోయింది. పైన ఉన్నవాళ్లు దిగిపోయిందనుకున్నారు. ఎత్తే పట్టీలు వదులయ్యాయి. సుమారు గంటపాటు అది 18 అడుగుల ఎత్తులో, ఏ ఆధారమూ లేకుండా, ఆ అంచు మీద నిలిచి ఉంది. తర్వాత గుర్తించి క్షేమంగా దించారు. నియంత్రణ కమిషన్ 1,16,000 డాలర్ల జరిమానా వేసింది. గంటకు 160 కిలోమీటర్ల రైలును తట్టుకునే పేటికల గురించి ఎన్ని గొప్పలు చెప్పుకున్నా, ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ ఆ రవాణా కవచం, ఆ గుద్దుడు రక్షకాలు చుట్టూ ఉండవు. పర్యవేక్షణ, శిక్షణ తప్ప అక్కడ వేరే రక్షణ లేదు.

అందుకే తాత్కాలిక నిల్వకు తీసుకెళ్లి, ముప్పై నలభై ఏళ్ల తర్వాత శాశ్వత నిల్వకు మళ్లీ తీసుకెళ్లే పథకాలంటే నాకు సందేహం. ప్రయాణమూ రెట్టింపు, ఎత్తి దించడాలూ రెట్టింపు. ఊరికి దూరంగా, స్థిరమైన నేల మీద, మంచి సిబ్బందితో ఉన్న నిల్వను శాశ్వత గమ్యం సిద్ధమయ్యేదాకా కదపవద్దనే అంటాను. శాన్ ఒనోఫ్రే వంటి చోటికి మినహాయింపు ఇస్తాను, అక్కడినుంచి తాత్కాలికంగానైనా కదపడం మేలు. పద్ధతి? రైలే. ట్రక్కు అసలు కుదరదు: వెల్డు చేసి మూసిన ఆ కానిస్టర్లు మామూలు ట్రక్కు పేటికలో పట్టవు, కోసి చిన్నవాటిలోకి మార్చాలంటే నీటి కొలను కావాలి. కేంద్రం దగ్గర రైలు పట్టాలున్నాయి. అయితే ఉత్తరాన శాన్ క్లెమెంటే దగ్గర కొండచరియలు జారడం వల్ల, అలల కోత వల్ల ఆ మార్గం 2021 నుంచి పలుమార్లు మూతపడింది. మ్యాపులో గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదని అక్కడివాళ్లకు బాగా తెలుసు.

విచారణలో ఏం అడగాలి

కానిస్టర్‌కు నిల్వ లైసెన్సుతో పాటు రవాణా ధ్రువీకరణ కూడా ఉందా అని మొదట అడగండి. రెండూ వేర్వేరు. నిల్వకు పనికొచ్చిన ప్రతిదీ ఈరోజే ప్రయాణానికి పనికిరాదు, లోపలి వేడి తగ్గేదాకా కొన్నిటిని ఏళ్ల తరబడి ఆపాలి. వెల్డు చేసిన లోపలి కానిస్టర్ ఉందా అన్నదీ అడగండి. 2014 నాటి నియంత్రణ కమిషన్ అధ్యయనం ప్రకారం అది ఉన్న పేటిక నుంచి, పరిశీలించిన ఏ ప్రమాదంలోనూ రేడియోధార్మిక పదార్థం బయటికి రాదు.

తర్వాత మీ ఊరి అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ. 1982 నాటి అణు వ్యర్థాల చట్టం సవరణల ప్రకారం దారిలోని రాష్ట్రాలకూ ఆదివాసీ తెగలకూ శిక్షణకు ఫెడరల్ నిధులు ఇవ్వాలి. మొదటి రైలు రాకముందే ఆ డబ్బు చేరిందా, విన్యాసం జరిగిందా అన్నది తేదీలతో సహా చెప్పమనండి. ప్రమాద పరిహారానికి 1957 నాటి ప్రైస్-ఆండర్సన్ చట్టం ఉంది, అది రవాణాకూ వర్తిస్తుంది.

మరొకటి కొలతల బహిర్గతం. 1998లో ఫ్రాన్స్, జర్మనీల మధ్య తిరిగిన పేటికలు, వ్యాగన్ల ఉపరితలం మీద చదరపు సెంటీమీటరుకు 4 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) అన్న పరిమితికి మించిన కాలుష్యం బయటపడింది. కొలనులో ముంచి ఇంధనం నింపేటప్పుడు అంటిన నీరు దానికి మూలం. ఆరోగ్యానికి చెప్పుకోదగ్గ హాని లేదన్నారు. కంపెనీలకు ఏళ్లుగా తెలిసీ చెప్పలేదన్న విషయం మాత్రం జనానికి మింగుడుపడలేదు. అప్పటి జర్మనీ పర్యావరణ మంత్రి ఆంగెలా మెర్కెల్ రవాణాను ఆపేశారు, 2001 దాకా అది మళ్లీ మొదలవలేదు. బయలుదేరేచోట, దిగేచోట తీసిన కొలతలను స్వతంత్ర సంస్థ ప్రచురించాలని పట్టుబట్టండి.

మన దగ్గర శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్ల ప్రతిపాదన ఉంది కాబట్టి ఈ ప్రశ్నలు అమెరికాలో ఉన్నవాళ్లకే పరిమితం కావు. భారత్ వాడిన ఇంధనాన్ని వ్యర్థంగా చూడదు, తారాపూర్, కల్పాక్కం వంటి చోట్ల పునఃశుద్ధి చేస్తుంది. అంటే ఇంధనం ఏదో ఒక రోజు అణు విద్యుత్ కేంద్రం దాటి బయటికి వెళ్లవలసిందే. కొవ్వాడ సముద్రం ఒడ్డునే ఉంది, హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గమూ దూరం కాదు. కేంద్రం నక్షా గీసేటప్పుడే పేటికలు ఎత్తే క్రేను సామర్థ్యం, ఆవరణలోకి పట్టాలు, లేదా చిన్న రేవు – వీటిలో ఏది ఉంటుందో పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో రాతపూర్వకంగా అడగాలి. రియాక్టర్ మూతపడ్డాక పట్టాలు వేయించడం ఎంత కష్టమో హంబోల్ట్ బే, యాంకీ రో ఇప్పటికే చూపిస్తున్నాయి.